మొవ్వు కోయకూడదు: మావోరీల కట్టూబొట్టూ

పెడనలో మొన్న సాయంత్రం జరిగిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు మార్చలేదు.

అందరికీ నమస్కారం. వెనక వాళ్ళకి వినపడుతోందా? వినపడుతోందా అమ్మా? సరే.

"మీరు న్యూజిలాండ్ వెళ్ళొచ్చారు గదా, అక్కడి మూలవాసులు మావోరీ వాళ్ళ డ్రెస్సుల గురించి ఓ గంట చెప్పండి" అన్నారు నన్ను. డ్రెస్సులంటే చెప్పేదేముంది, ఫోటోలు చూపిస్తే సరిపోతుంది. నేను ఫోటోలు తేలేదు. ఒక ఆల్చిప్ప తెచ్చాను, ఇదిగో. ఇది అక్కడిది కాదు, మన మంగినపూడిదే. ఈ సంచిలో గుప్పెడు నార ఉంది. ఇది మాత్రం అక్కడిది, నా చేత్తో నేనే తీశాను. ఈ రెండిటి చుట్టూనే నా మాటలన్నీ.

మా అమ్మాయి వాళ్ళు ఆక్లాండ్‌లో ఉంటారు. మనవరాలిని చూసుకోవడానికి వెళ్ళాను, రెండు విడతలు. పిల్ల బడికెళ్ళాక నాకేం పని? ముప్పై ఏళ్ళు కలంకారీ అద్దకం బల్ల ముందు నిలబడ్డ మనిషిని, చేతులు ఊరుకోవు. బస్సులో నాలుగు స్టాపులు వెళ్తే ఒక మరై ఉంది. మరై అంటే మావోరీల ఊరుమ్మడి చోటు. పెద్ద సభా గృహం, ముందు ఖాళీ స్థలం, పక్కన వంటశాల. అక్కడ వారానికోసారి నేత నేర్పుతారని తెలిసింది. వెళ్ళి కూర్చున్నాను.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మీరు పడవెక్కి ఒక దేశం చేరారు. పత్తి లేదు. పట్టుపురుగు లేదు. గొర్రె లేదు. చలి మాత్రం ఉంది. ఏం కట్టుకుంటారు?

మావోరీల పెద్దలు తూర్పు పాలినీషియా దీవుల నుంచి అక్కడికి చేరింది సుమారు 1250, 1300 మధ్య. ఇక్కడ ఓరుగల్లులో గణపతిదేవుడు, రుద్రమదేవి ఏలుతున్న రోజులన్నమాట. మన దగ్గర అప్పటికే సన్న నూలు నేసి ఓడలకెక్కిస్తున్నారు. వాళ్ళు బయల్దేరిన దీవుల్లో గుడ్డంటే నేసేది కాదు, కొట్టేది. మల్బరీ జాతిలో ఒక చెట్టుంది, ఔతె అంటారు. దాని బెరడు నానబెట్టి, చెక్కలతో కొట్టి కొట్టి పలచన చేస్తే అదే గుడ్డ. ఆ మొక్కలు పడవలో వెంట తెచ్చుకున్నారు. ఈ కొత్త చలిలో అవి బతికీ బతకనట్టు పెరిగాయి. 1769లో కెప్టెన్ కుక్ ఓడ వచ్చేసరికి ఉత్తరాన కొద్ది మొక్కలే మిగిలున్నాయి. ఆ గుడ్డని ఒంటికి కట్టుకునే సంగతి పోయి, ముక్కలు చెవి రంధ్రంలో అలంకారంగా పెట్టుకుంటున్నారు. చూడండి, ఒకప్పటి బట్ట నగ అయిపోయింది!

మరి ఒంటికి? అక్కడ చిత్తడి నేలల్లో విపరీతంగా పెరిగే మొక్క ఒకటి దొరికింది. హరకెకె. మన కిత్తలికి చెల్లెలనుకోండి, ముళ్ళు లేని కిత్తలి. కత్తుల్లా నిలువుగా లేస్తాయి ఆకులు, మనిషెత్తు దాటి. తర్వాత వచ్చిన ఇంగ్లీషువాళ్ళు దాన్ని ఫ్లాక్స్ అన్నారు. అవిసెకీ దీనికీ చుట్టరికం లేదు, నార వస్తుందని ఆ పేరు పెట్టేశారంతే.

ఇప్పుడు నేను చేసిన వెధవ పని చెప్తాను.

హరకెకె ఆకులు విసనకర్రలా విచ్చుకుంటాయి. నట్టనడుమ మొవ్వుంటుంది, కొబ్బరికీ తాటికీ ఉన్నట్టే. దాన్ని రితో అంటారు. రితో అంటే వాళ్ళ లెక్కలో బిడ్డ. బిడ్డకి అటొకటి ఇటొకటి ఆనుకుని ఉన్న ఆకులు అమ్మా నాన్నా. వాటికి బయట ఉన్నవి తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు. కోసేది ఆ బయట వాళ్ళనే. బిడ్డ జోలికీ అమ్మానాన్నల జోలికీ పోరు. ఇదంతా మా టీచరమ్మ చెప్పింది, నేను తలూపాను. తీరా కత్తి చేతికొచ్చాక ఏం చేశాను? లేతగా, మచ్చా మరకా లేకుండా నిగనిగలాడుతున్న ఆకు కనపడింది. మన చెయ్యి ఎటు పోతుంది? పరుక్కున కోసేశాను. అది అమ్మో నాన్నో.

ఆవిడకి డెబ్భై దాటాయి. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. కోసిన చోట అరచెయ్యి ఆనించి వాళ్ళ భాషలో ఏదో అనుకుంది. ఆ తర్వాత నాకేసి తిరిగి, "ఇంక ఈ పిల్లకి ఇటువైపు గాలి కొడుతుంది" అంది. అంతే. ఆ పూట నేను మరో ఆకు కోయలేకపోయాను.

వాళ్ళలో ఒక పాత సామెత ఉంది. హరకెకె మొవ్వు పీకేస్తే కోమకో పిట్ట ఎక్కడ వాలి పాడుతుంది అని. మన వాళ్ళు సామెతలో పెట్టిన దాన్ని పొలంలో మర్చిపోతారు, వాళ్ళు మర్చిపోలేదు, కోసే ప్రతిసారీ పాటిస్తారు. కోసేముందు కరకియా చెప్తారు, అంటే ప్రార్థన. వానలో కోయరు. చీకటి పడ్డాక కోయరు. కోత ఏటవాలుగా పడాలి, మొదట్లో నీళ్ళు నిలిచి దుబ్బు కుళ్ళిపోకుండా. మిగిలిన ముక్కలు చెత్తబుట్టలో వేయరు, తీసుకెళ్ళి ఆ దుబ్బుల కిందే వేస్తారు.

సరే, నార. ఆకు మీద అడ్డంగా పైపైన చిన్న గాటు పెట్టి, దాని మీద ఆల్చిప్ప అంచు ఆనించి, ఇలా బిగపట్టి లాగుతారు. సర్రుమని పచ్చ తొక్కంతా ఊడొచ్చేస్తుంది. కింద తెల్లగా పట్టుకుచ్చులా నార. ముకా అంటారు దీన్ని. గోగునారలా రోజుల తరబడి నీళ్ళలో ఊరేయక్కర్లేదు. ఆల్చిప్ప సరిగ్గా పడితే ఒక్క లాగుడు. సరిగ్గా పడకపోతే నార తెగి చేతిలో పీచు మిగుల్తుంది. నాకు మూడు వారాలు పీచే మిగిలింది.

తర్వాత పేనడం. ఇక్కడ పెద్దవాళ్ళున్నారు, మీకు చెప్పక్కర్లేదు. దీపం వత్తులు కాలి మీద ఎలా చేస్తాం? అదే. మోకాలి కింద పిక్క మీద రెండు పాయలు పరిచి, అరచేత్తో ముందుకొక తోపు. రెండూ విడివిడిగా మెలి పడతాయి. వెనక్కొక లాగు. ఒకదాన్నొకటి చుట్టుకుంటాయి. దీన్ని మిరో అంటారు. ఆవిడ పేనుతుంటే చెయ్యి ఆడుతున్నట్టే ఉండదు, దారం మాత్రం పుట్టుకొస్తూ ఉంటుంది. నేను పేనితే నా కాలి వెంట్రుకలు కూడా దారంలో కలిసిపోయాయి. నవ్వకండి, నిజం! ఆ దారాన్ని తడిపి రాతి రోకలితో దంచుతారు, మెత్తబడటానికి.

ఇక నేత. ఇక్కడ మగ్గం మీద పెరిగిన వాళ్ళే సగం మంది ఉన్నారు. వినండి. మగ్గం లేదు. నాడె లేదు. పలక లేదు. రెండు పుల్లలు పాతి, మధ్య ఒక దారం కట్టి, దానికి పడుగు పోగులు వేలాడేస్తారు. అంతే సరంజామా. పడుగుని ఫెను అంటారు, పేకని అహో. పేక ఒక్క పోగు కాదు. జతగా రెండు, గట్టి పనికైతే నాలుగు. ఒకటి ముందు నుంచి, ఒకటి వెనక నుంచి పడుగు పోగుని పట్టుకుని మెలి తిరుగుతూ ఎడమ నుంచి కుడికి పోతాయి. అంతా వేళ్ళతోనే. మన బుట్టలల్లే వాళ్ళ చేతి పని చూశారా, దాన్ని సన్నదారంతో చేస్తే ఎలా ఉంటుంది? అది. ఒక పెద్ద శాలువా అయ్యేసరికి నెలలు పడుతుంది, మేలురకమైతే ఏళ్ళు.

ఆ రెండు పుల్లల్లో కుడివైపుది పవిత్రం. పూర్వం మేలురకం పని పగటిపూటే చేసేవాళ్ళు, పొద్దు వాలితే పని మీద ఏదైనా కప్పేసేవాళ్ళు. నేత దేవత పేరు హినె తె ఇవైవా. ఆవిడే పురుళ్ళ దేవత కూడా. నాకు ఇది చాలా నచ్చింది. నూలు పోగుని, పురిటి నొప్పిని ఒకే తల్లికి అప్పజెప్పారు.

వాళ్ళ కట్టు చాలా సాదా. నడుముకొకటి, భుజాలకొకటి. ఆడా మగా ఇద్దరికీ అదే. మగవాళ్ళు శాలువాని కుడి భుజం మీద ముడేసుకునేవాళ్ళు, ఆయుధం పట్టే చెయ్యి ఖాళీగా ఉండాలి కదా. ఆడవాళ్ళు ముందువైపు. కుట్టు లేదు, కొలత లేదు. తేడా అంతా ఆ శాలువా దేనితో చేశారన్నదాంట్లోనే ఉంది. వానకైతే పాకె, ఆకుపీచు వరసలు వరసలుగా దిగేసినది. మన తాటాకు గిడుగు పని చేస్తుందది. కొరొవై అంటే నల్లదారాల కుచ్చులు వేలాడేది. కైతక అంటే ఒళ్ళంతా తెల్లగా పట్టులా మెరుస్తూ, అంచు మాత్రం తానికో పనితో ఉండేది. తానికో అంటే రంగు పోగులతో అల్లే త్రికోణాలు, మెట్లు, వజ్రాకారాలు. పళ్ళవరసలా త్రికోణాలుండే అంచు చూసి నేను "మా గుడి అంచు చీర!" అన్నాను గట్టిగా. టీచరమ్మ "కాదు, అది తనిఫా కోరలు" అంది. తనిఫా అంటే నీళ్ళలో ఉండే మహాజీవి. సరే, ఎవరి గుడి వాళ్ళది. మెట్లమెట్లుగా ఉండేదాన్ని పౌతమా అంటారు, చదువులో ఒక్కో మెట్టూ ఎక్కడం అని అర్థం చెప్తారు.

కుక్క తోలు పట్టీలు కుట్టిన శాలువా ఒకటుంది, కహు కురీ. తెగ పెద్దలకి మాత్రమే. కురీ వాళ్ళు పడవలో తెచ్చుకున్న కుక్క జాతి, ఇప్పుడా జాతే లేదు. ఈకల శాలువాలు మీకు తెలిసే ఉంటాయి. కివి ఈకలు బోర్లా కట్టరు, వెల్లకిలా కడతారు, అప్పుడే బొచ్చులా పైకి లేస్తాయి. ఇప్పుడు కివి పిట్టని ముట్టుకోవడానికి లేదు. చచ్చిపోయి దొరికినవాటి ఈకలే, అవీ ప్రభుత్వ అనుమతితో తెగల పెద్దల చేతికొస్తాయి.

ఇప్పుడు మన సొంత విషయం. నలుపు.

మీరు వీడియోల్లో చూసుంటారు, హాకా అనే వాళ్ళ నృత్యం చేసేటప్పుడు నడుముకి గలగలలాడే పావడాలాంటిది. చాలామంది గడ్డి పావడా అంటారు. గడ్డి కాదు, హరకెకె ఆకే. పియుపియు అంటారు. ఇది అంత ప్రాచీనం కూడా కాదు, తెల్లవాళ్ళొచ్చాక ఈ రూపానికొచ్చింది. దాని మీద నలుపు తెలుపు గళ్ళెలా వస్తాయి? ఆకు పట్టీ మీద కొలత ప్రకారం అక్కడక్కడా తొక్క గీకేస్తారు, నార బయటపడేలా. మిగతా చోట తొక్క అలాగే ఉంచుతారు. రంగులో ముంచితే గీకిన చోటే రంగు పడుతుంది, తొక్క ఉన్నచోట పడదు. ఎండాక ఆకు తనంతట తనే గొట్టంలా చుట్టుకుంటుంది, అందుకే ఆ గలగల. అంటే ఏమిటి? రంగు అంటకూడని చోట మన పెద్దలు మైనంతో చేసిన పని అక్కడ ఆకు తొక్క చేసేస్తోంది!

ఆ నలుపు రంగేమిటో చెప్తే ఇక్కడ రంగు గిన్నెల దగ్గర పనిచేసే వాళ్ళు లేచి నిలబడతారు. ముందు హీనౌ చెట్టు బెరడు కషాయంలో నార నానేస్తారు. వగరు. తర్వాత పరులో వేసి పిసుకుతారు. పరు అంటే ఇనుము ఉన్న నల్లటి బురద. వగరు, ఇనుము కలిసి నలుపు. అర్థమైందా? మనం ఏం చేస్తాం? గుడ్డకి కరక్కాయ పట్టిస్తాం. అది వగరు. తుప్పు ఇనుము, బెల్లం కుండలో ఊరబెట్టిన నీళ్ళతో అద్దుతాం. అది ఇనుము. వాళ్ళు మన ముఖం చూడలేదు, మనం వాళ్ళ ముఖం చూడలేదు. నేనీ మాట చెప్తే టీచరమ్మ నమ్మలేదు. మా అమ్మాయి చేత ఫోన్లో మన కారఖానా వీడియో పెట్టించి చూపించాను. మూడుసార్లు చూసింది. చూసి, "ఆ బురద మీకెవరిచ్చారు?" అంది. ఎందుకంటే వాళ్ళలో మంచి పరు దొరికే చోటు ఒక్కో కుటుంబం దాచుకునే సొత్తు.

జబ్బు కూడా ఒకటే. పాత కలంకారీ దుప్పట్లు చూడండి, ఎరుపు నిలుస్తుంది, నీలం నిలుస్తుంది, నల్లగీత ఉన్నచోట ముందు చిల్లు పడుతుంది. మ్యూజియంలో ఉన్న వాళ్ళ పాత శాలువాలూ అంతే. తెల్లనార బాగుంటుంది, నల్ల కుచ్చులు పొడిపొడిగా రాలిపోతాయి. ఇనుము తినేస్తుంది.

ఇప్పుడు శాలువా ఎవరిదన్న సంగతి. మనం చీర కొంటే నా చీర అంటాం. అక్కడ అలా అనడం తక్కువ విన్నాను. అలాంటివాటిని తవొంగా అంటారు. నిధి అనొచ్చు, కానీ బ్యాంకు లాకర్లో నిధి కాదు. ఇంటి పెద్ద చనిపోతే ఏమంటాం, ఆయన వస్తువులు మిగిలాయి అంటాం. వాళ్ళయితే ఆ వస్తువులో ఆయన ఉన్నాడంటారు. కొన్ని శాలువాలకి పేర్లుంటాయి. చావింట్లో పెట్టె మీద ఆ ఇంటి శాలువాలు పరుస్తారు. పూర్వం యుద్ధంలో పట్టుబడ్డ వాడి మీద పెద్దింటి మనిషి తన శాలువా విసిరితే వాడి ప్రాణం దక్కినట్టే, ఇక ఎవరూ చెయ్యి వేయకూడదు. ఒక గుడ్డ అంత పని చేసేది!

2018 ఏప్రిల్లో లండన్లో రాణిగారి విందుకి అప్పటి న్యూజిలాండ్ ప్రధాని జసిండా ఆర్డెర్న్ ఈకల శాలువా వేసుకుని వెళ్ళింది. నిండు గర్భిణి. ఆ ఫోటో మీరందరూ చూసే ఉంటారు. ఆ శాలువా ఆవిడది కాదు. లండన్లో ఉన్న నాతి రానన అనే మావోరీ సంఘం వాళ్ళు ఇచ్చారు, విందుకి వేసుకోమని. ప్రధానమంత్రి అరువు బట్ట కట్టుకెళ్ళిందని మన దగ్గరయితే ఏమంటారు? అక్కడ అది ఆవిడకి జరిగిన గౌరవం.

ఈకల మాట వచ్చింది గనక హుయా సంగతి చెప్పాలి. నల్లటి పిట్ట, తోకలో పన్నెండు ఈకలు, ఒక్కోదాని చివర తెల్లగా. మగదానికి పొట్టి ముక్కు, ఆడదానికి కొడవలిలా వంగిన పొడుగు ముక్కు. ఆ తోక ఈక జుట్టులో పెట్టుకునే అర్హత పెద్దింటి వాళ్ళకే. ఈకల్ని దాచడానికి చెక్కిన పెట్టె ఉంటుంది, వకా హుయా. దాన్ని ఇంటి వాసాలకి వేలాడదీసేవాళ్ళు, ఎవరి చెయ్యి పడితే వారిది తగలకుండా. ఎందుకంటే తల పవిత్రం, తలలో పెట్టిందీ పవిత్రం. ఆ పెట్టె అడుగుభాగం కూడా చెక్కడాలతో నింపేవాళ్ళు. ఎందుకు? కింద నుంచి చూసే వాళ్ళకి కనపడేది అడుగే కదా.

1901లో ఇంగ్లండు రాజకుమారుడు, తర్వాత ఐదో జార్జి అయినాయన, రొటోరువా అనే ఊరు వచ్చినప్పుడు ఆయన టోపీలో హుయా ఈక పెట్టారు. మర్యాదకి పెట్టారు. అంతే, అందరికీ టోపీలో హుయా ఈక కావాలి. అప్పటికే అడవులు నరికేశారు, మ్యూజియాలకి చర్మాలు ఒలిచి పంపేశారు. 1892 నుంచీ చట్టం కాపాడుతూనే ఉంది, కాగితం మీద. 1907 డిసెంబరు 28న చూసిందే ఆ పిట్టని నికరంగా చూడటం ఆఖరు. 2024లో ఆక్లాండ్‌లో ఒక్క ఈక వేలం వేస్తే 46,521 న్యూజిలాండ్ డాలర్లు పలికింది. మన లెక్కలో ఇరవై లక్షల పైమాటే. ఒక్క ఈక.

బొట్టు సంగతికొద్దాం. ముఖం మీద పచ్చబొట్టు. ఆ మూడో వరుసలో బాబు చేతి మీద ఒకటుంది, ఇందాకట్నుంచీ చూస్తున్నాను. మావోరీ డిజైనని చెప్పి వేశారా? తల అడ్డంగా ఊపుతున్నాడు గానీ అదే. కంగారు పడకు, ఏమీ అనను.

తా మొకో అంటారు దాన్ని. మన పచ్చబొట్టు సూదితో పొడుస్తారు, చర్మం నున్నగానే ఉంటుంది. వాళ్ళది ఉహి అనే చిన్న ఉలితో, ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి ఎముకతో చేసింది, సుత్తితో కొట్టి కొట్టి చర్మాన్ని చెక్కడం. గాట్లు పడతాయి. కౌరీ చెట్టు బంక కాల్చిన మసి అందులో దిగుతుంది. అంటే ముఖం మీద వేలు రాస్తే గీత తెలుస్తుంది, చెక్కిన తలుపు మీద తెలిసినట్టు. ముఖం వాచిపోతే తినడమెలా? చెక్కిన గరాటా ఉండేది, కొరెరె. దాంతో నోట్లో పోసేవాళ్ళు.

ఇది ఎలా వచ్చిందో వాళ్ళ కథ ఉంది. మతఒరా అనే ఆయన, నివరెకా ఆయన భార్య. ఒకరోజు భార్యని కొట్టాడు. ఆవిడ పుట్టింటికి వెళ్ళిపోయింది. పుట్టిల్లు ఎక్కడ? పాతాళంలో, రరొహెంగా. ఆ లోకంలో ఆడదాని మీద చెయ్యెత్తడమనేదే తెలియదు. ఈయన వెతుక్కుంటూ వెళ్ళాడు. ముఖానికి రంగులు పూసుకున్నాడు, చెమటకి కారిపోతున్నాయి. మామగారు ఉయెతొంగా ఆ ముఖం చేత్తో తుడిచేసి నవ్వాడు. చెరిగిపోయే బొట్టూ ఒక బొట్టేనా అని. కూర్చోబెట్టి ఉలితో చెక్కాడు. ఆ నొప్పిలో పాడిన పాట విని నివరెకా వచ్చింది. ఇక కొట్టనని మాటిచ్చాక పైకి బయల్దేరారు. ఆయన ముఖం మీద మొకో, ఆవిడ చేతిలో తానికో అంచు శాలువా. పచ్చబొట్టు, నేత ఒకే కాపరం తగాదా తీరి పైకొచ్చాయన్నమాట. దార్లో కాపలావాడికి శాలువా ఇవ్వకుండా దాటిపోబోయారట, అందుకని ఆనాటి నుంచి కిందికి పోయినవాళ్ళు పైకి రాకుండా తలుపు మూతపడింది. చెప్పొచ్చేదేమంటే, ఆ నేత అంచు పెళ్ళాన్ని కొట్టనని ఇచ్చిన మాటతో వచ్చింది. ఈ కథ మన ఇళ్ళలో రాత్రిపూట చెప్పాలి, మగపిల్లలున్న ఇళ్ళలో.

మొకో అంటే అలంకారం కాదు. ఎవరి కొడుకు, ఏ తెగ, ఏ హోదా, అంతా ముఖం మీద రాసుంటుంది. తె పెహి కుపె అనే తెగ పెద్ద 1820ల్లో ఇంగ్లండు వెళ్ళాడు. లివర్‌పూల్‌లో ఆయన బొమ్మ గీస్తుంటే, తన మొకో గీతలు తనే కాగితం మీద వేసిచ్చాడు. అద్దం లేకుండా! తెల్లవాడి పేరు కలంతో రాస్తాడు, తె పెహి పేరు ఇక్కడుంది అని నుదురు చూపించాడని రాసిపెట్టారు. 1840 ఫిబ్రవరి 6న బ్రిటిష్ వాళ్ళతో చేసుకున్న వైతంగి ఒప్పందం మీద కూడా కొందరు తెగ పెద్దలు సంతకం బదులు మొకోలో గీత వేశారు. నిశానీ అని చులకనగా అనకండి, అంతకంటే గట్టి సంతకముందా?

ఆ ముఖాలే కొంప ముంచాయి కూడా. చనిపోయిన పెద్దల తలలు ఎండబెట్టి దాచుకోవడం వాళ్ళ ఆచారం. తెల్లవాళ్ళు తుపాకులిచ్చి తలలు కొనడం మొదలెట్టారు. 1831లో సిడ్నీలో ఉన్న బ్రిటిష్ గవర్నరు ఆ వ్యాపారం నిషేధించాడు, అప్పటికే ఎన్నో ఓడలెక్కేశాయి. ఇప్పుడు తె పాపా అనే జాతీయ మ్యూజియం వాళ్ళు 2003 నుంచి వాటిని వెనక్కి రప్పిస్తున్నారు. 2012లో ఫ్రాన్సు 20 తలలు తిరిగిచ్చింది. వస్తువులొచ్చాయనరు. పెద్దలు ఇంటికొచ్చారంటారు.

ఆడవాళ్ళకి గడ్డం మీద, పెదవుల మీద. మొకో కౌవాయె. మగవాళ్ళ ముఖాల మీద దాదాపు అంతరించిన రోజుల్లో కూడా ఆడవాళ్ళు దీన్ని నిలబెట్టారు. 2016లో ననయా మహుతా పార్లమెంటులో ఆ బొట్టుతో కూర్చుంది, మొట్టమొదటి ఆడమనిషి. తర్వాత నాలుగేళ్ళకి ఆ దేశానికి విదేశాంగ మంత్రి అయింది. ఇక మన బాబు చేతి మాట. వంశం కథ లేకుండా కేవలం అందానికి వేసుకునేదానికి వాళ్ళే వేరే పేరు పెట్టారు, కిరితుహి, చర్మం మీద రాత అని. నీది కిరితుహి. అలా చెప్పుకుంటే ఎవరికీ కోపం రాదు.

పచ్చరాయి సంగతి గబగబా చెప్పేస్తాను, టైము చూపిస్తున్నారు. పౌనము. దక్షిణ దీవి పడమటి ఏళ్ళలో దొరుకుతుంది, ఆ దీవి మావోరీ పేరే పచ్చరాయి మీదుగా వచ్చింది. ఇనుము లేని రోజుల్లో ఇసుకరాయి, నీళ్ళతో అరగదీసి అరగదీసి మనిషి రూపం చేసేవాళ్ళు, హెయ్ తికి. మెడలో వేసుకుంటారు, చనిపోయాక తర్వాతి తరం మెడలోకి పోతుంది. 1997లో చట్టం చేసి ఆ రాయి హక్కు నాయి తహు తెగకి తిరిగిచ్చారు. 2021 ఫిబ్రవరిలో రవిరి వైతితి అనే ఎంపీ టై కట్టుకోకుండా హెయ్ తికి వేసుకొచ్చాడని స్పీకరు సభలోంచి బయటికి పంపేశాడు. మర్నాటికల్లా టై నిబంధన తీసేయక తప్పలేదు. తాత మెడలో రాయి గొప్పదా, టై గొప్పదా?

తపు అన్న మాట ఒకటి చెప్పాలి. మన తప్పు కాదు. దగ్గరే అనిపిస్తుంది గానీ కాదు. తపు అంటే ముట్టకూడనంత పవిత్రం. దానికి ఎదురుమాట నోవా, మామూలు. తల తపు, తిండి నోవా. రెండూ కలవకూడదు. తల మీదుగా తిండి అందించకూడదు. తల పెట్టుకునే దిండు మీద కూర్చోకూడదు. అన్నం తినే బల్ల మీద కూర్చోకూడదు. నేను మొదటి రోజు చేతిసంచి తీసి ఆ బల్ల మీద పెట్టాను. ఒకమ్మాయి చప్పుడు చేయకుండా తీసి కుర్చీ మీద పెట్టింది. సభా గృహంలోకి చెప్పులతో వెళ్ళరు. శ్మశానం నుంచి వస్తూ గేటు దగ్గర నీళ్ళతో చేతులు కడుక్కుంటారు. ఇవేవీ నాకు కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించింది హొంగి. కొత్తగా వచ్చినవాళ్ళతో నుదురు, ముక్కు ఆనిస్తారు. తానె అనే దేవుడు మట్టితో తొలి ఆడదాన్ని చేసి ముక్కులో ఊపిరి ఊదాడట, ఆ ఊపిరి ఇద్దరూ పంచుకోవడం. నేను సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. టీచరమ్మ ముక్కు చల్లగా ఉంది.

ఇదంతా నిలబడిందా అంటే, దాదాపు పోయింది. ఉన్ని దుప్పట్లు ఓడల్లో వచ్చాయి. నెలల తరబడి నేసే శాలువా ఎవరు నేస్తారు? అంతకంటే ఘోరం, ఇదే నార. బ్రిటిష్ ఓడల తాళ్ళకి బాగుంటుందని 1820, 30ల్లో టన్నుల లెక్కన కొన్నారు, తుపాకులు బదులిచ్చి. పక్క తెగ దగ్గర తుపాకీ ఉంటే నీకూ ఉండాలి. ఆడవాళ్ళు, బానిసలు ఊళ్ళు వదిలి చిత్తడి నేలల్లో ఆల్చిప్పలతో గీకుతూ కూర్చున్నారు. కట్టుకోడానికి కాదు, కాల్చుకోడానికి.

దాన్ని మళ్ళీ చేతుల్లోకి తెచ్చిన వాళ్ళలో రంగిమారియె హెతెత్ ఒకావిడ. 1892లో పుట్టింది, 1995 దాకా బతికింది, నూట మూడేళ్ళు. నేత మన తెగ దాటి బయటికి పోకూడదన్న పట్టింపు ఉన్న రోజుల్లో, 1951లో మావోరీ మహిళా సంక్షేమ సంఘం పుట్టాక, ఆవిడ తెగ చూడకుండా అడిగిన వాళ్ళకల్లా నేర్పింది. ఆవిడ కూతురు డిగ్గరెస్ తె కనావా కూడా అంతటి నేతగత్తె. దాచుకుంటే చచ్చిపోతుందని తెలిసి పంచిపెట్టారు. మన ఊళ్ళో రంగుల పాళ్ళు కొడుక్కి కూడా చెప్పకుండా కాటికి పోయిన వాళ్ళ పేర్లు నేను చెప్పను, మీకు తెలుసు.

నేను అల్లిన మొదటి బుట్ట చూపించమని ఇందాక ఎవరో అడిగారు. లేదమ్మా. మొదటి పని ఉంచుకోకూడదు, ఇచ్చేయాలి. అది అక్కడి నియమం. మనవరాలికిద్దామనుకున్నాను, ఇంట్లోనే ఉంటుంది కదా అని. టీచరమ్మ నా ఎత్తు కనిపెట్టేసింది. చివరికి రోజూ నన్ను ఎక్కించుకునే బస్సు డ్రైవరుకిచ్చాను. ఓ పక్కకి వంకరపోయిన బుట్ట. ఆయన కళ్ళజోడు తీసి అందులో పెట్టుకున్నాడు.

పకోడీల వాసన వచ్చేస్తోంది, నాకూ ఆకలేస్తోంది. వాళ్ళ మరైలో కూడా మాటలు, పాటలు, హొంగి అయ్యాక చివర అన్నం పెడతారు. తింటేనే తపు దిగి అందరం మామూలు మనుషులమవుతాం. కానీ తిండి దగ్గర నార ఉండకూడదు. కాబట్టి ముందు ఇది అందరి చేతుల్లోంచీ పోవాలి. ఇదిగో, మొదటి వరుస నుంచి. మెల్లగా పట్టుకోండి, లాగి చూడండి, తెగదు. ఆఖరి వరుసవాళ్ళు ఈ సంచిలో పెట్టి నాకివ్వండి. ఆ ప్లేట్లు ఇంకో ఐదు నిమిషాలు అక్కడే ఉంచు బాబూ.